దూది పరీక్ష ఏమి చెబుతుంది? ఏమి చెప్పదు?

పొగాకు వ్యతిరేక దినమునాడు, వైజ్ఞానిక ప్రదర్శనలలో, పాఠశాలలందు తరచు కనిపించే ప్రయోగము ఒకటి ఉన్నది. ఖాళీ ప్లాస్టిక్ సీసా మూతకు రంధ్రము చేసి అందులో సిగరెట్టు బిగిస్తారు. మెడ దగ్గర తెల్లని దూది ఉంచుతారు. సీసాను నొక్కి వదులుతూ ఉంటే, మనిషి పీల్చినట్లే సీసా పొగను పీల్చుకుంటుంది. కొద్ది నిమిషములలో దూది పచ్చబడి, తరువాత గోధుమరంగుకు తిరుగుతుంది. "చూచితిరా, మీ ఊపిరితిత్తులకు పట్టేది ఇదే" అని ఉపాధ్యాయుడు చెబుతాడు. తరగతి నిశ్శబ్దమవుతుంది.

ఖర్చు లేనిది, కంటికి కనబడేది, ఒకసారి చూచినవాడు మరువనిది ఈ పరీక్ష. ఇంతకాలము నిలిచినదంటే ఆ గుణములే కారణము. అయితే ఇప్పుడు దానికి ఒక చిక్కు వచ్చి పడినది. అదే సీసాకు సిగరెట్టుకు బదులు ఈ-సిగరెట్టు, అనగా పిల్లలు "వేప్" అని పిలిచే సాధనము, తగిలిస్తే ఏమవుతుంది? దూది తడుస్తుంది, కాని దాదాపు తెల్లగానే ఉండిపోతుంది. మొదటి దూదిని చూచి భయపడిన బాలుడు రెండవ దూదిని చూచి ధైర్యము తెచ్చుకుంటాడు. అతని తర్కములో తప్పేమీ లేదు. అతనికి చూపిన పరీక్షలోనే లోపమున్నది.

మన దేశములో ఈ-సిగరెట్ల ఉత్పత్తి, దిగుమతి, అమ్మకము, ప్రకటన 2019లో వచ్చిన చట్టముతో నిషేధింపబడినవి. అయినను వాటి బొమ్మలు చేతిఫోనులో పిల్లల కంట పడుతూనే ఉన్నవి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల ఉపాధ్యాయులకు ఈ విషయము మరింత దగ్గరది. నడిగడ్డలో, అలంపూరు వైపున, పొగాకును సిగరెట్టు పెట్టెలో గాక చేనులో చూచిన పిల్లలు తరగతిలో కూర్చుంటారు. వారికి తెలిసిన సంగతులే ఈ దూది పరీక్షను సరిదిద్దగలవు.

దూదికి పట్టిన గోధుమరంగు నికొటిన్ కాదు. స్వచ్ఛమైన నికొటిన్ రంగులేని నూనెవంటి ద్రవము. గాలి, వెలుతురు తగిలినప్పుడు మాత్రమే క్రమముగా రంగు మారుతుంది. దూదిపై కనిపించేది తారు. ఆకు సగము కాలి సగము మాడినప్పుడు పుట్టే వందల, వేల పదార్థముల జిగురు అది. కాబట్టి ఈ పరీక్ష కొలిచేది మాడుటను. వ్యసనమునకు మూలమైన పదార్థము ఎంత వచ్చినదీ అది చెప్పదు.

సిగరెట్టులో వేడిమి చేసే పని రెండు విధములుగా ఉంటుంది. దమ్ము లాగినప్పుడు నిప్పుకొన దాదాపు 900 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరుతుంది. అక్కడ ఉన్న నికొటిన్‌లో చాలా భాగము కాలి నశిస్తుంది. నిప్పుకు కొద్ది మిల్లీమీటర్ల వెనుక ఉష్ణోగ్రత వేగముగా పడిపోతుంది. ఆకు మండక, వేగి, తనలోని పదార్థములను ఆవిరిగా వదిలేది ఆ సన్నని పట్టీలోనే. నికొటిన్ మరుగు స్థానము 247 డిగ్రీలు. ఆ పట్టీలో ఆవిరియైన నికొటిన్, చల్లబడుతున్న పొగలోని సూక్ష్మబిందువులను అంటిపెట్టుకొని లోనికి పోతుంది. సాంబ్రాణిని నిప్పులపై చల్లితే పరిమళము వస్తుంది, మంటలో వేస్తే మసి వస్తుంది. సిగరెట్టులో ఈ రెండూ పక్కపక్కనే, ఒకే క్షణములో జరుగుతూ ఉంటవి. ఒక సిగరెట్టు ఆకులో సుమారు 10 నుండి 14 మిల్లీగ్రాముల నికొటిన్ ఉన్నా, త్రాగేవాని శరీరములో చేరేది సాధారణముగా 1 నుండి 1.5 మిల్లీగ్రాములు మాత్రమే. మిగిలినది కాలిపోతుంది, గాలిలో కలుస్తుంది, పీకలో మిగులుతుంది.

ఈ-సిగరెట్టులో నిప్పు లేదు. చిన్న బ్యాటరీ, సన్నని తీగచుట్ట, దానిని తాకుతూ ద్రవములో తడిసిన వత్తి, ఇంతే దాని నిర్మాణము. ద్రవములో ముఖ్యముగా ప్రొపిలీన్ గ్లైకాలు, గ్లిజరిను ఉంటవి. మొదటిది 188 డిగ్రీల వద్ద, రెండవది 290 డిగ్రీల వద్ద మరుగుతుంది. నికొటిన్ మరుగు స్థానము ఆ రెంటికీ నడుమ ఉండుట గమనింపదగినది. కనుక వాటితోపాటే ఆవిరియై, చల్లబడి, సన్నని మంచుగా నోటిలోనికి వస్తుంది. దీనిని పొగ అనుట సరికాదు, నీటి ఆవిరి అనుట అంతకన్న సరికాదు. అమ్మకందారులు వాడిన ఆ రెండవ మాటను కొన్ని అవగాహన ఉపన్యాసములు సైతము తెలియకనే మోస్తున్నవి.

వత్తి తడిగా ఉన్నంతవరకు తీగ వేడిమి ఆ ద్రవపు మరుగు స్థానమును ఎక్కువగా మించదు. దీపములో నూనె ఉన్నంతసేపు వత్తి నిలిచి ఉంటుంది. నూనె అడుగంటినప్పుడు వత్తే మాడి కమురు వాసన వేస్తుంది. ఈ సాధనములోనూ అంతే. ద్రవము అందే వేగము కన్న వేడి పుట్టే వేగము హెచ్చితే తీగ ఎండి, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పైకి లేస్తుంది. అప్పుడు గ్లిజరిను, గ్లైకాలు విడిపోయి ఫార్మాల్డిహైడు, ఎక్రోలీను వంటివి పుడతవి. ఎక్రోలీను అంటే ఏమిటో వంటింట్లో అందరికీ అనుభవమే. మూకుడులో నూనె పొగలెత్తేదాకా కాగితే కళ్లు మండించే ఆ ఘాటులో ఉండేది అదే. అక్కడ కూడ అది నూనెలోని గ్లిజరిను భాగమునుండే వస్తుంది.

పదవ తరగతి విద్యార్థి నేర్చిన జౌల్ సూత్రము ఇక్కడ అక్కరకు వస్తుంది. నిరోధము మారకుండ వోల్టేజి 3.3 నుండి 5కు పెంచితే, పెరుగుదల ఒకటిన్నర రెట్లే అయినా, వర్గము చేయగా వేడి సుమారు 2.3 రెట్లు అవుతుంది. 2015లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయపు రసాయనికులు ఈ రెండు వోల్టేజిలనే తీసుకొని పరీక్షించారు. 3.3 వోల్టుల వద్ద ఫార్మాల్డిహైడును విడుదల చేసే పదార్థములు వారికి దొరకలేదు. 5 వోల్టుల వద్ద చెప్పుకోదగినంత దొరికినవి. పత్రికలు రెండవ సగమును పెద్ద అక్షరములలో వేసినవి. వెంటనే ఇతర శాస్త్రజ్ఞులు ఆక్షేపణ తెచ్చారు. అంత వేడిలో వత్తి ఎండి, రుచి చేదెక్కి, మనిషి ఎవడూ పీల్చలేని స్థితి వస్తుందనీ, యంత్రము మాత్రమే పీల్చగలదనీ వారి వాదము. ఆ ఆక్షేపణలో బలమున్నది. అయితే కొద్దిగా ఎండిన వత్తి రుచిని ప్రతివాడూ కనిపెట్టగలడని చెప్పుటకు అది చాలదు. ఈ పరిశోధనను తరగతిలో చెప్పదలచిన ఉపాధ్యాయుడు రెండు సగములనూ చెప్పవలెను. ఒక సగమే చెబితే, రెండవ సగము తెలిసిన విద్యార్థి ఆనాటినుండి మిగిలిన మాటలను కూడ నమ్మడు.

నికొటిన్ ఎంత అందుతుందనే ప్రశ్నకు వస్తే తేడా మరింత స్పష్టము. సిగరెట్టులో వేడిని నిర్ణయించేది మండుట. త్రాగేవాడు దమ్ము గట్టిగా లాగి కొంత మార్చగలడేగాని, సిగరెట్టు అయిపోగానే మోతాదు కూడ ఆగుతుంది. రెండవదానిలో వేడిని నిర్ణయించేది బ్యాటరీ, తీగ, దమ్ము నిడివి, ద్రవపు గాఢత. బేరూతులోని అమెరికన్ విశ్వవిద్యాలయములో జరిగి 2015లో వెలువడిన కొలతలలో, ఈ సంగతులను మార్చినప్పుడు పదిహేను దమ్ములలో వచ్చిన నికొటిన్ యాభై రెట్లకు పైగా తేడా చూపినది. కాబట్టి "వేప్‌లో నికొటిన్ తక్కువ" అన్న మాటకు గాని "ఎక్కువ" అన్న మాటకు గాని, ఏ సాధనము, ఎంత విద్యుచ్ఛక్తి అని అడుగనిదే అర్థము లేదు. 2010 ప్రాంతపు తొలి సాధనములు రక్తములోనికి చాలా కొద్ది నికొటిన్‌నే పంపగలిగినవి. తరువాత వచ్చినవాటిలో పెక్కు సిగరెట్టుకు సమీపించినవి.

దానికి కారణము వేడిమి ఒక్కటే అనుకొనుట మరొక పొరపాటు. నికొటిన్ క్షార స్వభావము కలది. క్షారరూపములో గొంతును గీరుతుంది, దగ్గు తెప్పిస్తుంది. చుట్ట పొగ క్షారగుణము కలదగుటచేతనే చుట్ట త్రాగేవారు దానిని సాధారణముగా లోనికి పీల్చక, నోటనే ఉంచుకుంటారు. నికొటిన్ నోటి పొరనుండే రక్తములో కలుస్తుంది. సిగరెట్టు పొగ కొంచెము ఆమ్లగుణము కలది గనుక ఊపిరితిత్తులదాకా పోతుంది. 2015లో అమెరికా అంగడిలోనికి వచ్చిన జూల్ వంటి సాధనములలో నికొటిన్‌కు బెంజోయిక్ ఆమ్లము కలిపి లవణముగా మార్చారు. గొంతు మంట తగ్గినది. ద్రవములో మిల్లీలీటరుకు 59 మిల్లీగ్రాములదాకా నికొటిన్ నింపుట సాధ్యమైనది. ఐరోపా సంఘము విధించిన హద్దు 20 మిల్లీగ్రాములే. దగ్గు అనేది కొత్తవానికి శరీరము వేసే అడ్డుకట్ట. ఆ అడ్డుకట్టను తొలగించినది నిప్పు కాదు, ఆమ్లము.

అసలు నికొటిన్‌కు నిప్పుతో అవసరమే లేదని పొగాకు చేనులో పనిచేసినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మంచుతో తడిసిన పచ్చి ఆకును వట్టి చేతులతో కోసినవారికి తలతిప్పుట, వికారము, వాంతులు కలుగవచ్చు. చర్మము గుండానే నికొటిన్ లోనికి పోతుంది. తంబాకును సున్నముతో నలిపి దవడన పెట్టుకునేవాడు కూడ వేడి లేకుండనే పని జరుపుకుంటున్నాడు; సున్నపు క్షారము నికొటిన్‌ను విడిపిస్తుంది. మొక్క ఈ పదార్థమును తన వేరులో తయారుచేసి ఆకుకు పంపుతుంది. పూమొగ్గ వేయగానే రైతు తల తుంచితే ఆకులో అది ఇంకా పెరుగుతుంది. ఈ-సిగరెట్టు ద్రవములోని నికొటిన్ చాలావరకు ఇట్టి ఆకునుండి తీసినదే.

వేడిమి అన్నప్పుడు తెలుగునాట ఒక కఠినమైన ఉదాహరణ ఉన్నది. శ్రీకాకుళము వైపు పల్లెలలో చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని త్రాగే అలవాటును అడ్డపొగ అంటారు. అక్కడ 10,169 మంది గ్రామీణులను పరీక్షించిన నివేదిక ఒకటి 1971లో వెలువడినది. అంగిటిపై మచ్చలు, పుండ్లు, కాన్సరు ఈ అలవాటుతో ముడిపడి ఉన్నవని అక్కడి పరిశీలనలు చూపినవి. పొగ, సెగ రెండూ ఒకేచోట పనిచేసిన సందర్భమది. అంగిటికి తగిలే ఆ సెగను సీసాలోని దూది చూపజాలదు.

మండుట లేకపోవుట చిన్న తేడా కాదని కూడ ఒప్పుకొనవలెను. కార్బన్ మోనాక్సైడు, తారు ఈ సాధనములో దాదాపు ఉండవు. సిగరెట్టు త్రాగేవానిని చంపేది ఎక్కువగా ఆ పొగయే. ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ 2015లో "95 శాతము తక్కువ హాని" అన్నది. అది కొలత కాదు, కొందరు నిపుణుల అంచనా. లాన్సెట్ వైద్యపత్రిక దానిని తీవ్రముగా విమర్శించినది. మరొకవైపు 2019లో అమెరికాలో వేప్ చేసినవారికి వచ్చిన ఊపిరితిత్తుల జబ్బును నికొటిన్‌కు అంటగట్టే ఉపన్యాసములున్నవి. 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది మరణించిన ఆ జబ్బుకు ముఖ్య కారణముగా తేలినది, ఎక్కువగా గంజాయి సారపు ద్రవములలో కలిపిన విటమిను ఈ ఎసిటేటు. సిగరెట్టు మానదలచిన ఐదు పదుల మనిషికీ, ఏదీ ముట్టని పద్నాలుగేండ్ల బాలునికీ "తక్కువ హాని" అనే మాటకు ఒకే అర్థముండదు. మొదటివాడు పోల్చుకునేది పొగతో, రెండవవాడు పోల్చుకొనవలసినది మంచి గాలితో.

దూది పరీక్షపై ఇంకొక ఆక్షేపణ కూడ ఉన్నది, అది విజ్ఞానమునకు సంబంధించినది కాదు. 2003 నాటి చట్టము పద్ధెనిమిదేండ్లలోపు వారికి సిగరెట్టు అమ్మరాదన్నది. విద్యాలయమునకు వంద గజముల లోపల అమ్మకమే ఉండరాదన్నది. ప్రయోగానికని విద్యార్థినే దుకాణమునకు పంపే ఉపాధ్యాయుడు పాఠము మొదలుపెట్టకముందే వేరొక పాఠము చెప్పినవాడవుతాడు.

పొగాకు ముట్టకుండనే ఈ సంగతులను చూపవచ్చు. సాంబ్రాణిని నిప్పులపై కొంత, మంటలో కొంత వేసి తేడా చూపవచ్చు. ప్రమిదలో నూనె అయిపోనిచ్చి వత్తి ఎప్పుడు మాడుతుందో గడియారము పట్టి చూడవచ్చు. క్షారము పని చూపుటకు ఒక చిటికెడు నవాసారము, ఒక చిటికెడు పొడిసున్నము చాలును. విడివిడిగా రెంటికీ ఘాటు లేదు. అరచేత గాక గాజుపలకపై, గాలి ఆడేచోట, రెండు చుక్కల నీటితో నలిపితే, ఏ వేడీ లేకుండనే అమ్మోనియా ఘాటు ముక్కుకు తగులుతుంది.