కేడీ ఎవరు? - 'నేర నివారణ' మీద ఒక విమర్శ

అల్లరి చేసే పిల్లాణ్ని 'వీడు పెద్ద కేడీ' అంటాం. అప్పు ఎగ్గొట్టి తిరిగేవాణ్నీ అదే మాట అంటాం. సినిమాలకు కూడా ఆ పేరు పెట్టుకున్నాం. అసలు అది పోలీసు రికార్డులో మాట. 'నోన్ డిప్రెడేటర్' అనే ఇంగ్లీషు మాటలకు పొడి అక్షరాలు. దోపిళ్ళకు అలవాటుపడ్డవాడని 'తెలిసిన' మనిషి అని అర్థం. ఠాణా గోడ మీది బోర్డు నుంచి దిగి మన నోట్లోకి వచ్చేసింది.

ఇక్కడ 'తెలిసిన' అన్న ముక్కను పట్టుకోవాలి. ఎవరికి తెలిసిన? కోర్టుకు కాదు, సాక్షికి కాదు. పోలీసులకు తెలుసు, అంతే. శిక్ష పడటానికి రుజువు కావాలి గానీ కేడీ కావడానికి రుజువు అక్కర్లేదు. ప్రభుత్వాలు 'నేర నివారణ' అని పిలిచే పని అంతా ఈ 'తెలియడం' మీదే నడుస్తుంది. ఇది ఎవరి గురించి తెలుస్తుంది, ఎవరి గురించి ఎన్నటికీ తెలియదు అన్నదే మన ప్రశ్న.

నేరం జరిగాక పట్టుకోవడం వేరు, జరగకముందే ఆపడం వేరు. మొదటి దాంట్లో ఒక సంఘటన ఉంటుంది, దాన్ని రుజువు చేయాలి. రెండో దాంట్లో సంఘటన ఉండదు, మనిషి మాత్రమే ఉంటాడు. కాబట్టి ఎలాంటి మనిషి నేరం చేస్తాడు అన్న ఊహ ముందుగానే అధికారి బుర్రలో ఉండాలి. మన సమాజంలో 'ఎలాంటి మనిషి' అన్న ప్రశ్నకు తయారుగా ఉన్న జవాబు కులం. నివారణలోకి కులం పొరపాటున దూరిందని అనుకోవడానికి వీల్లేదు. అది నిలబడ్డ పునాదే అది.

ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చినప్పుడు దాన్ని సమర్థించినవాళ్ళు ఇదే వాదన చేశారు. ఈ దేశంలో వృత్తి కులాన్ని బట్టి తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది కదా, వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగ అవుతాడు అన్నారు. అంటే తెల్లదొర మనుధర్మాన్ని చదువుకుని దాన్ని పోలీసు చట్టంగా తిరగరాశాడు. ఫలానా తెగ నేరస్థ తెగ అని ప్రభుత్వం ప్రకటిస్తే, ఆ ప్రకటన సరైందా కాదా అని ఏ కోర్టూ అడగడానికి వీల్లేకుండా చట్టంలోనే రాసిపెట్టారు. 1911లో చట్టాన్ని సవరించి మద్రాసు రాజధానికీ విస్తరించారు. మన ఎరుకల వాళ్ళ మెడకు ఉచ్చు పడింది అప్పుడే.

ఎరుకల వాళ్ళు అప్పటిదాకా ఏం చేసేవాళ్ళు? ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలి ఊళ్ళకు తిరిగి అమ్మేవాళ్ళు. బుట్టలల్లేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు. రైలు వచ్చింది, ఉప్పు సర్కారు చేతికి పోయింది, అడవికి కంచె పడింది. బతుకుతెరువు పోగొట్టింది ప్రభుత్వం. బతుకుతెరువు లేకుండా తిరుగుతున్నారు కాబట్టి దొంగలు అన్నదీ ఆ ప్రభుత్వమే.

1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పుట్టింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్న హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టి, నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు పట్టీ, పాసు లేకుండా ఊరు దాటితే శిక్ష. దీనికి 'సంస్కరణ' అని పేరు. సెటిల్మెంటులో పెట్టిన మనుషులు చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా పనికొచ్చారు. ఊరు వదిలి పోలేని కూలీ కంటే చవకైన కూలీ ఎవరుంటారు? నేర నివారణకూ కూలి రేటుకూ ఉన్న సంబంధం స్టూవర్టుపురంలో చూసినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు.

ఆ ఊరి పేరును తర్వాత మనం ఏం చేశామో కూడా చెప్పుకోవాలి. 1991లో 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్' సినిమా వచ్చింది, 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. హీరో ఎంత మంచివాడైనా ఊరు మాత్రం దొంగల ఊరే. ఆ ఊరి పిల్ల డిగ్రీ చదివి ఉద్యోగానికి పోయి ఊరి పేరు చెబితే ఎదుటివాడి కళ్ళు ఎలా మారతాయో ఈ సినిమాలకు అక్కర్లేదు. చట్టాన్ని రద్దు చేయొచ్చు. తెర మీది ముద్రను ఎవరు రద్దు చేస్తారు?

నేరస్థ తెగల చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. ఆ రోజున్నే విముక్త జాతులు పండగ చేసుకుంటాయి. కానీ చట్టం పోయినా పని ఆగలేదు. మద్రాసులో 1948కే అలవాటు నేరస్థుల చట్టం సిద్ధంగా ఉంది. ఆంధ్రప్రదేశ్ కూడా 1962లో తనకంటూ ఒకటి చేసుకుంది. తెగ అన్న మాట తీసేసి మనిషి అన్న మాట పెట్టారు. పట్టుకుపోయే మనుషులు మాత్రం మారలేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లోనూ, జాతి వివక్ష నిర్మూలన మీద ఐక్యరాజ్యసమితి కమిటీ 2007లోనూ ఈ చట్టాలు తీసేయమని చెప్పాయి. రెంకే కమిషన్ 2008లో, ఇదాతే కమిషన్ 2018లో విముక్త జాతుల మీద నివేదికలిచ్చాయి. నివేదికలకు బీరువాలున్నాయి.

ఇక చట్టం కూడా అక్కర్లేని పద్ధతి ఒకటుంది. అది షీటు. సస్పెక్టు షీటు, రౌడీ షీటు, హిస్టరీ షీటు. వీటికి ఆధారం శాసనసభ చేసిన చట్టం కాదు, పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు. ఒకసారి షీటు తెరిస్తే పండగొచ్చినా, ఎలక్షన్లొచ్చినా, మంత్రి పర్యటన ఉన్నా ఠాణాకు పిలుస్తారు, తహసీల్దారు ముందు 'బైండోవర్' చేస్తారు. నేర శిక్షాస్మృతిలో 107, 109, 110 సెక్షన్లు ఈ పని చేసేవి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో అవే 126, 128, 129 అయ్యాయి. అంకెలు మారాయి, క్యూలో నిలబడ్డవాళ్ళు మారలేదు. రుజువు కాని దోపిడీ కేసులో విడుదలైనా హిస్టరీ షీటు తెరిచిన ఖరక్ సింగ్ ఇంటిని రాత్రిళ్ళు తట్టడం చెల్లదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. మన పేటల్లో ఎన్ని తలుపులకు ఆ తీర్పు తెలుసు?

ఇప్పుడు షీటు కంప్యూటర్లోకి ఎక్కింది. 2018 జనవరి 18న తెలంగాణ పోలీసులు 'సకల నేరస్థుల సమగ్ర సర్వే' చేశారు. పాత కేసులున్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వివరాలు రాసుకుని, ఆ ఇళ్ళను మ్యాపు మీద గుర్తించారు. 1911 నాటి సెటిల్మెంటులో మనిషిని తెచ్చి ముళ్ళకంచెలో పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు మనిషి తన ఇంట్లోనే ఉంటాడు, కంచె మ్యాపు మీద ఉంటుంది. హైదరాబాదు బస్తీల్లో 'కార్డన్ సెర్చ్' అని తెల్లవారుజామున వాడ చుట్టూ పోలీసులు నిలబడి ప్రతి ఇంటి తలుపూ తట్టి బండి కాగితాలు, ఆధార్ కార్డు అడగడం మామూలైపోయింది. సంపన్నుల కాలనీని అట్లా చుట్టుముట్టి, నిద్ర లేపి, 'మీ బంగారానికి బిల్లులు చూపించండి' అన్న వార్త మీరెప్పుడైనా చదివారా? భూమి మింగినవాడి మీద, బ్యాంకు ముంచినవాడి మీద రౌడీ షీటు తెరిచిన ఠాణా ఉందా?

ఇవన్నీ ప్రజల సహకారంతోనే చేస్తున్నామని పోలీసులు అంటారు. సీసీ కెమెరాల కోసం చందాలు పోగుచేసే కార్యక్రమానికి 'నేను సైతం' అని పేరు పెట్టారు. శ్రీశ్రీని చదివినవాళ్ళకు ఈ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. తిరుగుబాటు చేసేవాడి నోటి మాటను నిఘా పెట్టేవాడు తీసుకున్నాడు. సరే, పేరు సంగతి వదిలేద్దాం. కెమెరా ఎవరి డబ్బుతో పెడతారో వాళ్ళ కన్ను అది. ఊళ్ళో చందా ఇచ్చేది ఎవరు? వాళ్ళకు భయం ఎవరి మీద? ఆ కన్ను ఎటువైపు తిరుగుతుందో వేరే చెప్పాలా? కెమెరా ఉండాల్సిన అసలు చోటు లాకప్ గది. పోలీసు స్టేషన్లన్నిటిలో కెమెరాలు పెట్టమని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించాల్సి వచ్చింది. వీధి కెమెరాల లెక్క గర్వంగా చెప్పుకునే తెలంగాణలోనే, 2021 జూన్ 18న, దొంగతనం అనుమానంతో తెచ్చిన ఒక దళిత వంటమనిషి అడ్డగూడూరు ఠాణాలో చనిపోయింది. ఆమె గురించి కూడా పోలీసులకు ముందే 'తెలుసు'.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు చూద్దాం. నివారణ అనే మాట మనకు అనుకూలంగా రాసిన చట్టం ఒకటుంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. దాని పేరులోనే నిరోధం ఉంది. పదిహేడో సెక్షన్ ప్రకారం డీఎస్పీ స్థాయి అధికారి గానీ మేజిస్ట్రేటు గానీ ఒక ప్రాంతాన్ని అత్యాచారాలు జరిగే అవకాశమున్న ప్రాంతంగా ప్రకటించి ముందే చర్య తీసుకోవచ్చు. 1995 నియమాల్లో మూడోది చదవండి. అలాంటి ఊళ్ళలో దళితేతరుల ఆయుధ లైసెన్సులు రద్దు చేయాలి, దొంగ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి, అవసరమైతే దళితులకు లైసెన్సులు ఇవ్వాలి. అత్యాచారం చేస్తాడనుకున్న మనిషిని ఊరి నుంచి బయటకు పంపే అధికారం పదో సెక్షన్లో ఉంది. మొదట అది షెడ్యూల్డు ప్రాంతాలకే పరిమితం. 2015 సవరణతో గుర్తించిన ఇతర ప్రాంతాలకూ విస్తరించింది.

కేడీ షీట్లు తెరిచిన ఉత్సాహంలో పదో వంతుతో ఈ సెక్షన్లు వాడినా చాలు, చాలా ఊళ్ళ ముఖం మారేది. వాడరు. ఎందుకంటే ఇక్కడ 'ఎలాంటి మనిషి' అన్న ప్రశ్నకు జవాబు ఊరి పెద్ద అవుతుంది. ఆయన గురించి పోలీసులకు ఏమీ 'తెలియదు'.

చుండూరు గుర్తు తెచ్చుకుందాం. 1991 జూలైలో సినిమా హాల్లో గొడవ మొదలై సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఊళ్ళో ఉద్రిక్తత ఉందని అందరికీ తెలుసు, పోలీసులు ఊళ్ళోనే ఉన్నారు. ఆగస్టు 6న పట్టపగలు ఎనిమిది మంది దళితుల్ని పొలాల్లో తరిమి నరికారు, శవాల్ని గోనె సంచుల్లో కట్టి కాలవలో పడేశారు. చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి ఏడాదిన్నర. ముందే తెలిసిన నేరాన్ని ఆపడానికి అంతకంటే మంచి అవకాశం పోలీసులకు ఎప్పుడు దొరుకుతుంది? ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఒకచోట రుజువు లేకపోయినా మనిషి జీవితాంతం కేడీ. ఇంకోచోట ఎనిమిది శవాలున్నా రుజువు చాలలేదు. చట్టం రెండు కొలపాత్రలు పెట్టుకుని కూర్చుంది.

ఒక అభ్యంతరం రావచ్చు, అది న్యాయమైంది కూడా. 'అయితే మా వాడకు పోలీసు అక్కర్లేదా? గొలుసు దొంగతనం, తాగుబోతు గొడవ, ఆడపిల్ల మీద చెయ్యి వేసేవాడు మా వాడలో లేరా?' అని మన ఆడవాళ్ళే అడుగుతారు. ఉన్నారు. పేదవాడి ఇంట్లో పోయిన సెల్‌ఫోను పేదవాడికి పెద్ద నష్టమే. నివారణ వద్దని ఈ వ్యాసం చెప్పడం లేదు. ఏది నేరమో, ఎవరు ప్రమాదమో నిర్ణయించే మాట వాడది కావాలంటోంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చేసింది నేర నివారణే. తమ ఇళ్ళలో జరిగే హింసకు మూలం సారా అని తేల్చి దుకాణాలు మూయించారు. అప్పుడు పోలీసు బందోబస్తు ఎవరికి? సారా వేలంపాటకు. ఆ పోరాటానికి తలొగ్గే ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించింది. స్థానికంగా శాంతిభద్రతలకు మద్దతు అంటే ఏమిటో ఆ ఆడవాళ్ళు నేర్పారు, ప్రభుత్వం నేర్చుకోలేదు.

అంబేద్కర్ 1948లో రాసిన 'అస్పృశ్యులు' పుస్తకం ముందుమాటలో నేరస్థ తెగల్ని, ఆదివాసుల్ని, అంటరానివాళ్ళని పక్కపక్కన నిలబెట్టి, ఈ ముగ్గుర్నీ తయారుచేసిన నాగరికత ఏం నాగరికత అని నిలదీశాడు. ఎరుకల వాళ్ళు ఎస్టీలు, మనం ఎస్సీలు, వాళ్ళ గొడవ మనకెందుకు అనుకునే మన సంఘాలు ఈ ముందుమాట మళ్ళీ చదవాలి. ముద్ర వేసే చెయ్యి ఒకటే.

ఇప్పుడు చేయదగ్గ పని ఒకటుంది. హిస్టరీ షీట్లలో వెనకబడిన కులాలు, ఎస్సీ, ఎస్టీల పేర్లు యాంత్రికంగా ఎక్కిస్తున్నారేమో చూసుకోమని సుప్రీంకోర్టు 2024 మే 7న అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అదే సంవత్సరం అక్టోబరు 3న జైళ్ళలో కులం చూసి పని అప్పగించడాన్ని కొట్టేస్తూ, విముక్త జాతుల వాళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని చెప్పింది. తీర్పు దానంతట అది నడిచి ఠాణాకు రాదు. మిత్రులారా, విద్యార్థులారా, సమాచార హక్కు చట్టం కింద మీ జిల్లాలో రెండు జాబితాలు అడగండి. షీట్లు ఎన్ని ఉన్నాయి, అందులో కులాల వారీగా ఎందరు అన్నది ఒకటి. అత్యాచారాలు జరిగే అవకాశమున్న ఊళ్ళుగా గుర్తించినవి ఏవి, అక్కడ ఎన్ని ఆయుధ లైసెన్సులు రద్దు చేశారు అన్నది రెండోది. మూడు నెలలకోసారి జరగాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీ సమావేశంలో ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. జవాబు ఇవ్వకపోతే, ఇవ్వలేదన్న కాగితం పెట్టండి.

అప్పుడు కేడీ ఎవరో అందరికీ తెలుస్తుంది. ఈసారి రుజువుతో సహా.