అడుగు లేని దరువు: సమకాలీన తాళవాద్య బృందాలు – ఒక విమర్శ

మన జానపద కళల్లో ఆటనూ వాద్యాన్నీ విడదీయడం కష్టం. కోలాటంలో ఆడేవారి చేతికోలలే తాళం వేస్తాయి. చెక్కభజనలో చెక్కలు పట్టినవారే చిందు వేస్తారు. 13వ శతాబ్దిలో జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ రెండవ సగాన్ని దేశి నృత్తాలకే కేటాయించాడు. పేరణి నృత్తంలో గజ్జెల సవ్వడిని పలికించే ‘ఘర్ఘరం’ ఒక ప్రధానాంగం. ఇప్పటి తాళవాద్య బృందాలు ఇటువంటి దరువులను ఆట నుంచి వేరుచేసి వినడానికి మాత్రమే అందిస్తున్నాయి. అప్పుడు అడుగు స్థానంలో ఏమి చేరుతోంది? విమర్శకుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది.

నెల్లూరు తీరప్రాంతపు డప్పును ఉదాహరణగా తీసుకుందాం. దీన్ని పలక అని కూడా అంటారు. చెక్క చట్రానికి తోలు బిగించి, చిర్ర, చిటికెనపుల్లలతో వాయిస్తారు. సముద్రపు గాలిలోని తేమకు తోలు సడలుతుంది. అందువల్ల మంట దగ్గర కాచి బిగువు తెప్పిస్తారు. జాతరలో వాయించేవారి చూపు ఆడేవారి కాళ్లమీద ఉంటుంది. అడుగు పుంజుకుంటే దరువు పుంజుకుంటుంది. ఆట సద్దుమణిగితే దరువు మారుతుంది. వేగాన్ని నిర్ణయించేది ఇద్దరి మధ్య సాగే ఈ సంభాషణే.

వేదికమీది బృందంలో ఫైబర్ డప్పులు, ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లు చేరాయి. మంట అవసరం తీరింది, నాదం నిలకడగా వస్తోంది. పలు దరువులను ఒకదానిపై ఒకటి పేర్చి వినిపించే వీలు కలిగింది. ఇది నిజమైన లాభమే. అయితే వేగం ముందే స్థిరపడితే సంభాషణ ఆగిపోతుంది. చాలా ప్రదర్శనలు ఈ లోటును పెద్ద శబ్దంతో కప్పిపుచ్చుతున్నాయి.

అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ 1970లో ఘనా వెళ్లి ఎవే జాతివారి డోలు వాద్యాన్ని అభ్యసించాడు. ఆ వాద్యం నృత్యంతో ముడిపడినది. 1971లో పూర్తిచేసిన ‘డ్రమ్మింగ్’లో నర్తకులు లేరు, ఘనా డోళ్లూ లేవు. బోంగోలు, మరింబాలు, గ్లాకెన్‌స్పీల్‌లు ఉన్నాయి. ఒకే దరువును వాయించే ఇద్దరిలో ఒకరు మెల్లగా ముందుకు జరుగుతారు. ఆ ఎడంలోంచి కొత్త దరువులు పుడతాయి. అడుగు పోయినచోట వాద్యకారులు పరస్పరం వినడం చేరింది. అందువల్లనే ఆ కృతి నిలిచింది.

మన బృందాలకు మరొక పరీక్ష కూడా ఉంది. డప్పును తరతరాలుగా మోసినవారు మాదిగలు. చావు డప్పు కొట్టడం వారికి కులం విధించిన చాకిరీ. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా మార్చింది. కనుక వారి దరువు వేదికకెక్కి, వారు మాత్రం వేదిక కిందే ఉండిపోతే, ఆ సంగీతం ఎంత శ్రావ్యమైనా అసంపూర్ణమే. కళాకారుల పేరు, పారితోషికం, దరువును మార్చే అధికారం ఎవరివో చూడకుండా చేసే ప్రశంస విమర్శ కాదు.

అభ్యాసం: మీ ప్రాంతంలో ఒక దరువును జాతరలోనూ వేదికపైనా వినండి. వేగాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారో గమనించి, పదిహేను పంక్తుల్లో రాయండి.