అంతకు ముందు?

మీదే ఊరు అంటే సంగారెడ్డి అంటాను. 'అంతకు ముందు?' అంటారు. పక్కింటి యాదగిరిని ఈ రెండో ప్రశ్న ఎవరూ అడగరు. పటాన్‌చెరులో పని కోసం ఎక్కిన ప్రతి గేటు దగ్గరా నేను దీన్ని విన్నాను. పేరు విన్నాక వచ్చే ప్రశ్న అది. జాతీయత అనే మాటలోనే జాతి ఉంది కదా, పుట్టుక అడక్కుండా వదలదు.

ఈ ప్రశ్న అచ్చులో ఎదురైంది మాత్రం ఇంగ్లీషు నవలల్లో. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్' రాశాడు. అందులో ఖైదీ అమీర్ అలీ తన నేరాలన్నీ దొర ముందు ఏకరువు పెడతాడు. దొర అడగాలి, సాయిబు చెప్పుకోవాలి. నవల నడకే అది.

ఫార్‌స్టర్ అలాంటివాడు కాదు. 1924లో వచ్చిన 'ఎ పాసేజ్ టు ఇండియా'ని ఆయన తన మిత్రుడు సయ్యద్ రాస్ మసూద్‌కి అంకితమిచ్చాడు. మసూద్ సర్ సయ్యద్ మనవడు. అప్పటికి హైదరాబాద్ సంస్థానంలో విద్యాశాఖ డైరెక్టర్. ఆ రకంగా ఈ నవల మనకు చుట్టమే. డాక్టర్ అజీజ్‌ మీద పడ్డ నింద కోర్టులో వీగిపోతుంది. ఆ తర్వాతే అతను ఇంగ్లీషువాళ్లకు పూర్తిగా ఎదురు తిరుగుతాడు. చివరి గుర్రపు స్వారీలో, ఇంగ్లీషువాళ్లు పోతే ఎవరు కావాలని ఫీల్డింగ్ ఎగతాళిగా అడుగుతాడు. అజీజ్ నోటికి ముందు వచ్చేది అఫ్ఘన్లు, తన పూర్వీకులు! హిందువులు, ముస్లింలు, సిక్కులు ఒక్కటవుతారన్న మాట తర్వాత వస్తుంది. దాన్నీ ఫీల్డింగ్ వెక్కిరిస్తాడు.

నాకు కష్టంగా ఉన్నది ఆ వెక్కిరింత కాదు, అజీజ్ జవాబు. ఫార్‌స్టర్ ఎరిగిన ముస్లిం ఖాందాన్ ఉన్న ముస్లిం. అతనికి 'అంతకు ముందు' ఉంది. మా ముత్తాత దూది ఏకేవాడు. అతనికి ముందు అతని నాన్న, దూది ఏకేవాడే. కాబూల్ ఎటువైపో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. దొర అడిగిన ప్రశ్నకు నవాబు జవాబు చెప్పాడు. ఆ జవాబు మోస్తున్నది మాత్రం దూదేకులవాడు, కసాయివాడు, రిక్షా సాయిబు.

మనవాళ్లు రాసినవి వేరుగా ఉన్నాయా? జీనత్ ఫతేహల్లీ 'జొహ్రా' 1951లో వచ్చింది. హైదరాబాద్ దేవిడీ లోపలి గాలి, పరదా, అమ్మాయి ఇష్టానికి విలువలేని పెళ్లి, ఇవన్నీ ఆమె ఎరిగి రాసింది. ఆ లోపలి బతుకు మగవాళ్ల కలానికి అంత తేలిగ్గా అందేది కాదు. కానీ అందులోనూ జాతీయత ఎవరిది? గాంధీ వైపు నడిచిన హమీద్‌ది. ముస్లిం జాతీయుడు కావాలంటే ఏదో ఒకటి చేసి చూపించాలి, ఊరికే పుట్టి ఉంటే చాలదు. పుస్తకం అచ్చయ్యేనాటికి పోలీస్ యాక్షన్ జరిగి మూడేళ్లు. కథ మాత్రం అంతకు ముందే ఆగుతుంది. సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనానికి అందలేదు. అందులో అప్పటి మా మెదక్ జిల్లా పేరూ ఉంది. రచయిత్రిని తప్పుపట్టను. అప్పుడు ఇళ్లలోనే గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు, నవలలో ఎలా వస్తుంది!

1981లో రష్దీ 'మిడ్‌నైట్స్ చిల్డ్రన్'లో దేశంతో పాటు పుట్టిన పిల్లవాణ్ణి ముస్లిం ఇంట్లో పెంచాడు. సంతోషించే లోపే ఆస్పత్రిలో పిల్లలు మారిపోయారంటాడు. చమత్కారం బాగుంది. మన ఇంట్లో పుట్టినవాడు మాత్రం కాకపోయాడు.

ఇస్నాపూర్ చౌరస్తాలో రాత్రి షిఫ్టు దిగి టీ తాగుతుంటే ఒక ఒడియా కుర్రాడు పక్కన నిలబడ్డాడు. ఊరొదిలి ఆర్నెల్లయిందట. నా పేరు అడిగాడు, చెప్పాను. ఏ ఊరన్నాడు. సంగారెడ్డి అన్నాను.

'దగ్గరేగా, రోజూ ఇంటికి పోవచ్చు,' అన్నాడు హిందీలో.