రసవత్తరము: ఒక పదవిమర్శ

మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మామిడినిగూర్చి వ్యాసము వ్రాయుచు, కాయ కోసినతోడనే తొడిమనుండి సొన కారునని వ్రాసెను. నేను సొన యను మాటను కొట్టివేసి, పైన రసమని యెఱ్ఱసిరాతో దిద్దితిని. వ్యాసమునకు సంస్కృతపదమే శోభ యని నా తలంపు. మఱునాడా బాలిక పుస్తకము తెచ్చి, "మాస్టరుగారూ, సొన తగిలితే మూతి పొక్కుతుంది గదండీ, రసం తగిలితే పొక్కుతుందా?" అని యడిగెను. నాయొద్ద సమాధానము లేదు. ఆమె వ్రాసినది ఒప్పు. నేను దిద్దినది తప్పు.

మన యిండ్లలో ఈ భేదములు తెలియని స్త్రీ లేదు. ఆకును నలిపిన వచ్చునది పసరు. జిల్లేటిని, మఱ్ఱిని గిల్లిన వచ్చునవి పాలు. తుమ్మచెట్టునుండి కారి గట్టిపడునది బంక. నానిన చింతపండును పిసికిన వచ్చునది గుజ్జు. కొబ్బరిబోండములో నుండునవి నీళ్లు. పండును పిండిన వచ్చునది రసము. చెఱకును నమిలి రసమంతయు పీల్చిన పిదప మిగులునది పిప్పి. వీనిలో కొన్ని త్రాగదగినవి, కొన్ని మందునకు పనికివచ్చునవి, కొన్ని కీడు చేయునవి. జిల్లేటిపాలు కంటబడిన చూపునకే ముప్పు. ఇన్నింటిని రసమను నొక్క మాటతో కప్పినచో భాషకేమి శోభ వచ్చునో గాని, పిల్లకు ప్రమాదమును తెలుపు మాట మాత్రము పోవును. పండ్లయందును ఇట్టి వివేకమే కలదు. నూజివీటి ప్రాంతపు చిన్నరసాలు, పెద్దరసాలు మెత్తగా పిసికి చీకు పండ్లు. బంగినపల్లి కోసి ముక్కలుగా తినునది. బంగినపల్లికి తీపి తక్కువ గాదు. అయినను దానిని రసాలలో చేర్చరు.

ఈ కలగాపులగమునకు సంస్కృతమే కారణమందురేమో. అదియు సరిగాదు. అమరసింహుడు మామిడికి ఆమ్రము, చూతము, రసాలము అను పేళ్లు చెప్పి, సహకారమను పేరును మిక్కిలి పరిమళము గలదానికి వేఱుగా నిర్ణయించెను. రసాలమను పేరునే చెఱకునకును చెప్పెను. వంటయింటి పేళ్లలో రసవతిని చేర్చెను. ఆయుర్వేదము మధురము మొదలు కషాయమువఱకు ఆఱు రుచులను రసములనియే పేర్కొనును. వేపాకు చేదును రసమే, కరక్కాయ వగరును రసమే. కావున సంస్కృతమున రసమనగా తడి మాత్రమే కాదు, తీపి మాత్రమే కాదు. అమరమును వల్లించిన బాలుడు పేళ్లన్నియు నొకటియే యని తలచినచో, ఆ లోపము గ్రంథముది గాదు, నేర్పిన మావంటివారిది.

ఇంగ్లీషునందును ఇట్లే. నారింజపండును జూసీ యందురు. సక్యులెంట్ అను మాట రసమను నర్థముగల లాటిన్ పదమునుండి పుట్టి, వృక్షశాస్త్రమున కలబంద, బ్రహ్మజెముడువలె తమలో నీరు నిలువచేసికొను మొక్కలకు పేరైనది. సాపీ యనునది చెట్టులోని ద్రవమునకు సంబంధించినది. దానినే మనుష్యునికో వ్రాతకో తగిలించినచో నిందయగును. ఈ మూడింటికిని ఎదురుగా రసవంతమని వ్రాసికొను విద్యార్థి మూడు మాటలు నేర్చితిననుకొనును. నిజమునకు ఒక్కటియు నేర్వలేదు.

జూసీ యను మాటకు ఇంగ్లీషున మఱియొక వాడుక కలదు. పరుల గుట్టు చెప్పుకొని యానందించు కబుర్లకు ఆ విశేషణమును తగిలింతురు. అట్టి పనికే మన పత్రికలలో రసవత్తరమను మాట వినియోగపడుచున్నది. ఎన్నికల పోటీ రసవత్తరము; ఆటల పందెము రసవత్తరము; ఆలుమగల వ్యాజ్యమును రసవత్తరమే. తర ప్రత్యయము రెంటిలో నొకటి హెచ్చని చెప్పునది. దేనికంటె హెచ్చో చెప్పువారు లేరు. పుస్తకవిమర్శకులకును ఇదియే యూతపదము. నవల రసవత్తరమని వ్రాసి, అందు తాను చవిచూచిన దేమియో చెప్పని విమర్శకుడు పండు కొఱుకకయే తీపి యన్నవానితో సమానుడు.

కరుణమును, బీభత్సమును సయితము భరతముని రసములలో నెన్నెను గదా, దుఃఖవార్తను రసవత్తరమనుటలో దోషమేమి యని పండితు డడుగవచ్చును. భరతుడు నాట్యశాస్త్రమున ఎనిమిది రసములను చెప్పినది నాటకమునుగూర్చి. రంగముపై సీత యేడ్చునపుడు ప్రేక్షకుడు తన లాభనష్టములను మఱచి ఆ శోకము నాస్వాదించును. అచ్చట నెవరికిని గాయము లేదు. న్యాయస్థానమున నిలుచున్న స్త్రీ కన్నీరు ఒకరి యాస్వాదనము కొఱకు కార్చినది గాదు. ఆమె బ్రతుకును రసవత్తరమని యచ్చువేయువాడు ఆమెను చెఱకుగడగా నెంచుచున్నాడు. ఊరెల్ల చదివి పాఱవేసిన పిదప ఆ పిప్పిని ఏరుకొనవలసినది ఆమెయు, ఆమె బిడ్డలునే.

గృహస్థులైన చదువరులను నేను కోరునది స్వల్పము. పిల్లల వ్యాసములలో సొన, పసరు, గుజ్జు కనబడినచో మోటుమాటలని కొట్టివేయకుడు. పత్రికలో రసవత్తరము కనబడినచో, కష్ట మెవరిది, రుచి యెవరికి అని యొకమాఱు విచారింపుడు.

ఆ బాలిక పుస్తకమున నేను వ్రాసిన రసమును నేనే కొట్టివేసి, సొన యని మరల వ్రాసి, ప్రక్కన సంతకము చేసితిని.