ఓడిపోని మనిషికి కథెందుకు లేదు?

‘మిలియన్ డాలర్ బేబీ’ (2004) చూసినవాళ్ళకి ఆ క్షణం గుర్తుండే ఉంటుంది. రౌండ్ అయిపోయిందని గంట కొడతారు. మ్యాగీ చేతులు దించేసి తన మూలకి తిరుగుతుంది. అప్పుడు పడుతుంది దెబ్బ. అప్పటికే రింగ్‌లో పెట్టేసిన స్టూల్ మీద మెడ పడేలా కూలిపోతుంది. అక్కడినుంచి సినిమా రింగ్‌ని వదిలేసి ఆస్పత్రి మంచం పక్కకి వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనక్కి రాదు.

ఆ దెబ్బ కొట్టినావిడ సంగతేంటి? సినిమాలో ఆమె పేరు బిల్లీ, రింగ్ పేరు బ్లూ బేర్. ఆమె గురించి మనకి చెప్పేవి రెండే ముక్కలు. ఒకప్పుడు తూర్పు జర్మనీలో వేశ్య. రింగ్‌లో తొండి ఆడుతుంది. అంతే. ఇల్లు లేదు, అమ్మ లేదు, గొంతు లేదు. మ్యాగీ మెడ విరగడానికి ఒక చెయ్యి కావాలి, ఆ చేతికి ఒక మనిషిని తగిలించారు.

ఆ పాత్ర వేసిన లూసియా రైకర్‌కి అసలు వృత్తి నటన కాదు. ఆ కాలంలో ప్రపంచంలో ఏ స్త్రీ చేతిలోనూ ఓడని బాక్సర్ ఆమె. ఈ సినిమాకి బాక్సింగ్ సలహాదారు కూడా. అంటే మ్యాగీగా ఆస్కార్ అందుకున్న హిలరీ స్వాంక్‌కి గుద్దులు దిద్దినవాళ్ళలో ఈ విలన్ కూడా ఉంది. నిజమైన ఛాంపియన్ తన ఒంట్లో ఉన్న విద్యంతా ఒక కల్పిత ఛాంపియన్‌కి ధారపోసి, చివరికి ఆమెని పడగొట్టే చెయ్యిగా మిగిలింది. ఇందులో ఎవరి కుట్రా లేదు. కానీ ఆడ బాక్సర్ల కథలు మనం ఎలా చెప్పుకుంటున్నామో తెలియడానికి ఈ ఒక్క పాత్రల పంపకం చాలు.

రైకర్ 1967లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టింది. అమ్మ డచ్, నాన్నది సురినామ్. ఆరేళ్ళకి జూడో. ఆ తర్వాత ఫెన్సింగ్, అందులోనూ జూనియర్ స్థాయిలో దేశ ఛాంపియన్. పదిహేనేళ్ళకల్లా కిక్‌బాక్సింగ్. అప్పటి ఆమ్‌స్టర్‌డామ్ కిక్‌బాక్సింగ్‌కి యూరప్ రాజధానిలాంటిది. జపాన్ కరాటే, థాయ్ బాక్సింగ్ అక్కడి జిమ్ముల్లో కలిసి కొత్త రూపం తీసుకున్నాయి. అక్కడ ముప్ఫైకి పైగా పోటీల్లో ఆడవాళ్ళెవరూ ఆమెని ఓడించలేకపోయారు. 1990ల మధ్యలో అమెరికా వెళ్ళి, ఫ్రెడ్డీ రోచ్ దగ్గర చేరి, 1996లో ప్రొఫెషనల్ బాక్సర్ అయింది. 2004లో ఆపేసేనాటికి లెక్క ఇది: 17 పోటీలు, 17 గెలుపులు, అందులో 14 నాకౌట్లు.

ఈ లెక్క చూసి అబ్బురపడటం తేలిక. కానీ దీన్ని కొంచెం అనుమానంగా కూడా చూడాలి. రికార్డులో సున్నా ఓటములుంటే మనిషి గొప్పదనానికి గుర్తు అనుకుంటాం. ఎదురుగా ఎవరున్నారో చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది.

1998 మొదట్లో రైకర్ టైటిల్ నిలుపుకోడానికి తలపడినావిడ అర్జెంటీనాకి చెందిన మార్సెలా అకున్యా. అకున్యాకి అది ప్రొఫెషనల్‌గా రెండో పోటీ. మొదటిది అంతకుముందు డిసెంబర్‌లోనే, అప్పట్లో అమెరికాలో అందరికీ తెలిసిన ఒకే ఒక్క ఆడ బాక్సర్ క్రిస్టీ మార్టిన్ మీద. అంటే జీవితంలో మొదటి రెండు పోటీలకే ఆమెని ప్రపంచంలోని ఇద్దరు అతి పెద్ద బాక్సర్ల ముందు నిలబెట్టారు. మగవాళ్ళ బాక్సింగ్‌లో ఇలా జరిగితే లైసెన్సులిచ్చేవాళ్ళ మీద గగ్గోలు పుట్టేది. రైకర్ ఐదో రౌండ్‌లో నాకౌట్ చేసింది. ఆ గెలుపు రికార్డులో ఒక అంకె. అదే సమయంలో ఆడవాళ్ళ బాక్సింగ్ ఎంత పలచగా ఉండేదో చెప్పే సాక్ష్యం. (అకున్యా కథ అక్కడ ఆగలేదు. తన దేశంలో ఆడ బాక్సర్లకి లైసెన్సులు రావడంలో ముందు నిలిచి, తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయింది.)

ఇంకో ప్రత్యర్థి జేన్ కౌచ్. ఆడవాళ్ళకి లైసెన్స్ ఇవ్వనన్న బ్రిటిష్ బాక్సింగ్ బోర్డు మీద కేసు వేసి, 1998లో గెలిచిన మనిషి. నెలసరి రోజుల్లో ఆడవాళ్ళ మనసు నిలకడగా ఉండదన్నది అప్పట్లో ఆ బోర్డు చేసిన వాదనల్లో ఒకటి. కోర్టులో గెలిచిన కౌచ్, రింగ్‌లో గెలుస్తూ వచ్చిన రైకర్, 2003లో లాస్ ఏంజెలస్‌లో తలపడ్డారు. రైకర్ పాయింట్ల మీద నెగ్గింది. ఆ రాత్రి జనం వచ్చింది మాత్రం లెనాక్స్ లూయిస్, విటాలీ క్లిచ్‌కోల పోటీ కోసం. వీళ్ళది దానికి ముందు నడిచే చిన్న పోటీల్లో ఒకటి.

ఓడిపోవాలన్నా ఎదురుగా సమఉజ్జీ ఉండాలి. రైకర్‌కి దొరకనిది అదే.

ఆమె ఓటమి అంటూ అందరూ చెప్పేది ఒకటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ప్రదర్శన పోటీలో థాయ్ బాక్సర్ సొమ్‌చాయ్ జైదీ, అంటే ఒక మగవాడు, రెండో రౌండ్‌లో ఆమెని నాకౌట్ చేశాడు. ఆమె పేరు ఎక్కడ వచ్చినా ఈ పోటీ వెంట వస్తుంది. ఇన్ని గెలుపుల్లో ఒక్కదాన్నీ వెతకనివాళ్ళు కూడా ఈ ఓటమిని వెతుక్కుని చూస్తారు. ఎందుకంటే అది చూసేవాడికి ముందే తెలిసిన జవాబుని మళ్ళీ చెబుతుంది. గెలుపులు చూడాలంటే ఆమె ఆటని చూడాలి. ఈ ఓటమి చూడ్డానికి ఆట గురించి ఏమీ తెలియక్కర్లేదు.

మళ్ళీ సినిమాకి వద్దాం. ‘మిలియన్ డాలర్ బేబీ’ చెడ్డ సినిమా అని నేననను. జిమ్‌లో ఆ మసక వెలుతురు, చెమటకి తడిసి ఎండిన గుడ్డలు, గాయాన్ని మూసే పద్ధతి, ఇవన్నీ నిజంగా తెలిసిన మనిషి రాసినవి. మూలకథలు రాసిన ఎఫ్.ఎక్స్. టూల్ రింగ్ పక్కన నిలబడి, రౌండ్ల మధ్య బాక్సర్ల నెత్తురు ఆపే పని చేసినవాడు. సినిమా బలం, పరిమితి రెండూ అక్కడే ఉన్నాయనిపిస్తుంది. మూలలో నిలబడ్డవాడికి బాక్సర్ ఎప్పుడు దగ్గరగా కనిపిస్తుంది? దెబ్బ తిని తిరిగొచ్చినప్పుడు. అతనికి బాక్సర్ అంటే గాయం. కొట్టేటప్పుడు ఆమెకి ఏమనిపిస్తుందో అతనికి తెలిసే వీల్లేదు.

సినిమా నిర్మాణం చూడండి. కథ చెప్పేది స్క్రాప్ అనే ముసలాయన. చెప్పేది కోచ్ ఫ్రాంకీ గురించి. చివర్లో తెలుస్తుంది, అదంతా ఫ్రాంకీ కూతురికి రాసిన ఉత్తరమని. అంటే మ్యాగీ జీవితం, మ్యాగీ చావు, రెండూ ఒక తండ్రి ఎలాంటివాడో అతని కూతురికి చెప్పడానికి వాడుకున్న ఆధారాలు. ఆమె మెడ విరిగితేనే అతని ప్రేమకి పరీక్ష. మంచాన పడ్డ జీవితం కంటే చావే నయం అన్నట్టున్న ఆ ముగింపు మీద వికలాంగుల హక్కుల సంఘాలు అప్పట్లోనే గట్టిగా అభ్యంతరం చెప్పాయి. అది న్యాయమైన అభ్యంతరం. దానికి పక్కనే ఇంకోటి చేర్చాలి: ఆ సినిమాలో గెలిచే ఆడదానికి లోపలి జీవితం లేదు. పడిపోయిన ఆడదానికే ఉంది.

మనకి ఈ కోచ్ కథ కొత్తేం కాదు. సుధ కొంగర ‘గురు’ (2017) చూశాం కదా. అందులో ఒక మంచి తేడా ఉంది. రామేశ్వరిగా వేసిన రితికా సింగ్ నిజంగా కిక్‌బాక్సర్. కొట్టడం తెలిసిన ఒంటికి హీరోయిన్ పాత్ర ఇచ్చారు, విలన్‌ది కాదు. ఆమె నడకలో, భుజం విసురులో ఆ తేడా తెలుస్తుంది. అయినా సినిమా పేరు ‘గురు’. ఆ పిల్ల గెలుపు చివరికి ఆయన గెలుపే. పైగా ప్రేమ కూడా ఆయన చుట్టూనే.

కోచ్ మీద మనకున్న ఈ భక్తిని క్రిస్టీ మార్టిన్ జీవితం పక్కన పెట్టి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఆమె కోచే ఆమె భర్త, జిమ్ మార్టిన్. 2010లో అతను ఆమెని కత్తితో పొడిచి, తుపాకీతో కాల్చి వదిలేశాడు. ఆమె నెత్తురోడుతూనే రోడ్డు మీదికొచ్చి బతికింది. 2012లో అతనికి పాతికేళ్ళ శిక్ష పడింది. తెర మీద కోచ్ తండ్రిలా కంటతడి పెట్టి ఆస్కార్లు తెచ్చుకుంటున్న రోజుల్లో, నిజమైన ఛాంపియన్ తన కోచ్ గుప్పిట్లోనే బతుకుతోంది. ఆమె మీద 2025లో ‘క్రిస్టీ’ అని సినిమా వచ్చింది. రావాల్సిన సినిమానే. కానీ ఒకటి గమనించాలి. ఇద్దరు సమకాలీనుల్లో సినిమా దక్కింది కత్తిపోటు ఉన్న జీవితానికే.

రైకర్‌కి క్రిస్టీతో పోటీ కావాలని ఏళ్ళతరబడి ఉండేది. ప్రపంచమంతా అడిగిన పోటీ కూడా అదే. క్రిస్టీ వైపు ప్రమోటర్ డాన్ కింగ్, రైకర్ వైపు బాబ్ ఆరమ్. మాటలు ముదిరాయి. రైకర్ అసలు ఆడదేనా, పరీక్ష చేయించండి అని క్రిస్టీ బహిరంగంగా అంది. బాగా గెలిచే ఆడదాని మీద పడే పాత నింద, ఈసారి ఇంకో ఆడదాని నోట. 2000లో పత్రికలవాళ్ళ ముందే ఇద్దరూ కలబడ్డారు. ఆ తర్వాత కూడా పోటీ కుదరలేదు.

చివరికి కుదిరించింది ఎవరో తెలుసా? ‘మిలియన్ డాలర్ బేబీ’. ఆ సినిమాకి ఆస్కార్లు వచ్చిన వేడిలో, 2005 జులై 30న లాస్ వేగస్‌లో పోటీ అని ప్రకటించారు. పేరు ‘మిలియన్ డాలర్ లేడీ’. గెలిచినవాళ్ళకి పది లక్షల డాలర్లు. పోటీకి కొద్దిరోజుల ముందు సాధన చేస్తుండగా రైకర్ మడమ పైనుండే నరం తెగింది. పోటీ రద్దయింది. అప్పటికి ఆమెకి 37 ఏళ్ళు. మళ్ళీ రింగ్‌లోకి రాలేదు.

నిజం బాక్సర్లు ఇన్నేళ్ళు అడిగినా పుట్టని డబ్బు, ఒక కల్పిత బాక్సర్ చనిపోయాక పుట్టింది. ఆ డబ్బు చేతికందే లోపు నిజం మనిషి కాలు తెగింది.

ఓటమి లేకపోతే కథేముంది అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అర్జునుడి కంటే కర్ణుడంటే మనకి మక్కువ ఎక్కువ. సాహిత్యం ఓడినవాళ్ళ పక్షాన ఉండటం దాని మంచి గుణమే. కానీ కర్ణుడు ఓడకముందే మనకి తెలుసు. అతని పంతం, అతని స్నేహం, అతని తప్పు, అన్నీ తెలిశాక రథచక్రం కుంగుతుంది. ఆడవాళ్ళ కథల్లో చాలాసార్లు చక్రం కుంగడమే పరిచయం. గాయం చూపిస్తేనే లోపలికి రానిస్తాం. మనం రాసే కథల్లోనూ ఇది ఉంది. పాత్రకి బరువు రావట్లేదనిపిస్తే చెయ్యి ముందు వెళ్ళేది ఆమెని ఎలా విరగ్గొడదామా అనే.

రైకర్ జీవితంలో నష్టం లేదని కాదు. అది దెబ్బలా కనిపించదు. సిద్ధంగా ఉండటం, పిలుపు రాకపోవడం. తేదీ లేని పోటీకి రోజూ సాధన చెయ్యడం. మొదటి మూడేళ్ళు వరసగా పోటీలు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఖాళీ. దీనికి పతాకసన్నివేశం ఉండదు, అందుకే వ్యాపార సినిమాకి పనికిరాదు. కాత్యా బాంకోవ్‌స్కీ తీసిన డాక్యుమెంటరీ ‘షాడో బాక్సర్స్’ (1999) ఆ పని కొంత చేసింది. కొట్టడం అనే పనిని ఒక ఆడమనిషి ఎంత ఆలోచనతో, ఎంత క్రమశిక్షణతో చేస్తుందో అందులో కనిపిస్తుంది. బౌద్ధ జపం చేసే మనిషి, రింగ్‌లో కనికరం లేని మనిషి, ఇద్దరూ ఒకరే అని ఒప్పుకోడానికి ఆ సినిమాకి ఇబ్బంది లేదు.

ఒలింపిక్స్‌లోకి ఆడవాళ్ళ బాక్సింగ్ వచ్చేది 2012లో. అప్పటికి రైకర్‌కి 44. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యేనాటికి బరువు విభాగాలున్నాయి, దేశాల జట్లున్నాయి, ఫైనల్లో ఎదురుగా సమఉజ్జీ ఉంది. ఆ మెట్లు లేని కాలంలో పైకెక్కినవాళ్ళని వాళ్ళ ఓటముల సంఖ్యతో కొలవలేం.

అదే ఏడాది జూన్‌లో, న్యూయార్క్ రాష్ట్రంలోని కానస్టోటాలో, అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటిసారి ఆడవాళ్ళని చేర్చుకున్న సభ జరిగింది. 2020లో జరగాల్సింది, కోవిడ్ వల్ల ఆలస్యమైంది. ఆ మొదటి జాబితాలో బార్బరా బట్రిక్ తోపాటు క్రిస్టీ మార్టిన్, లూసియా రైకర్ ఉన్నారు. ఎదురెదురుగా నిలబడాల్సిన ఇద్దరి పేర్లూ పక్కపక్కన పడ్డాయి. వాళ్ళిద్దరిలో ఎవరు గెలిచేవారో మనకెప్పటికీ తెలియదు.