నీరు దిగే దారి, వైరు ఎక్కే దారి

కాకినాడ రేవులో బారులు తీరిన మరపడవలను చూస్తే ఎవరి కన్నయినా ముందు రంగుల మీదికి, పేర్ల మీదికి పోతుంది. నా చూపు క్యాబిన్ కప్పు మీద, నిలువు కొయ్య మొదట్లో ఉన్న జానెడు చోటు దగ్గర ఆగుతుంది. పైనున్న దీపాల వైర్లు, వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు ఏంటెన్నా కేబులు లోపలికి దిగేది అక్కడే. ఎలక్ట్రీషియన్ పనితనమంతా అక్కడ బయటపడుతుంది.

ఇవన్నీ అంత ఎత్తున ఉండక తప్పదు. వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగానే పోతాయి కాబట్టి ఏంటెన్నా ఎంత ఎత్తుంటే మాట అంత దూరం వెళుతుంది. వల లాగుతున్న పడవకు పైన పచ్చ దీపం, దాని కింద తెల్ల దీపం వెలగాలని, అవి నాలుగు దిక్కులకూ కనిపించాలని 1972 నాటి అంతర్జాతీయ నిబంధన.

నీరు పల్లమెరుగు. కొయ్య మీద పడిన వాన, ఎగిసిన ఉప్పునీటి తుంపర కేబులు పట్టుకుని జారుతూ వస్తాయి. తెలిసిన పనివాడు కేబులును నేరుగా రంధ్రంలోకి దించడు. ముందు రంధ్రం కన్నా కిందికి వదిలి, వంపు తిప్పి, మళ్లీ పైకి తెచ్చి లోపలికి పంపుతాడు. జారిన నీరు ఆ వంపు అడుగున బొట్లుగా రాలిపోతుంది. కొందరు కప్పు మీద గొడుగు పిడిలా వంగిన పైపు నిలిపి, నేలచూపు చూసే దాని నోట్లోంచి వైర్లు ఎక్కిస్తారు. సీలెంట్ తర్వాతి మాట. ట్యూబు ట్యూబంతా పిండేసిన పని చూస్తే నాకు అనుమానమే. దారి తప్పు వేసినవాడికే అంత సీలెంట్ కావాలి.

చెక్క కప్పయితే మరో మెలకువ ఉంది. చెక్కకు వేసిన రంధ్రం అంచు నీరు తాగితే అక్కడే కుళ్లు మొదలవుతుంది. అందుకని ముందు పెద్ద రంధ్రం వేసి, ఎపాక్సీతో పూర్తిగా నింపి, అది గట్టిపడ్డాక నడుమ చిన్న రంధ్రం వేస్తారు. అప్పుడు కేబులు చెక్కను తాకనే తాకదు. తర్వాత ఎవరికీ కనబడని ఈ పనికి ఒక పూట పడుతుంది.

రాగి సంగతి సరేసరి. తగరం పూత లేని రాగి ఉప్పుగాలికి చిలుము పడుతుంది. పోగుల సందుల్లోంచి తడి తొడుగు లోపలే పాకుతుంది. ఆ తడిని బయటి వంపు ఆపలేదు, కొసలు మూయాల్సిందే. వైరు లావూ చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 1.5 స్క్వేర్ ఎంఎం వైరు మీద పది మీటర్ల దూరంలో 25 వాట్ల బల్బు వెలిగిస్తే పోనూ రానూ దాదాపు అర వోల్టు దారిలోనే పోతుంది. ఎల్ఈడీకి ఆ బెడద లేదు.

తెరచాప పడవల్లో పని ఇంకా కష్టం. లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి, లెఫ్టినెంట్ బొడ్డపాటి ఐశ్వర్య మరో నలుగురితో కలిసి 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ప్రపంచం చుట్టి వచ్చిన నావికాదళ పడవ ‘తారిణి’ పొడవు సుమారు 17 మీటర్లు. ఆ తరహా పడవల్లో వైర్లు సాధారణంగా కొయ్య లోపలి గొట్టంలో నడుస్తాయి, లేకుంటే ఊగినప్పుడల్లా రాత్రంతా టకటకలే. కేబులు బరువు కనెక్షన్ల మీద పడకుండా పైనే కట్టాలి. మరమ్మతుకు కొయ్య దించాల్సి వస్తుంది కనుక దాని మొదట్లో విడదీసే జాయింటు, కాస్త మిగులు వైరు ఉంచాలి. మరపడవకు కొయ్య దించే అవసరం అరుదు. ఏంటెన్నా నుంచి సెట్టు దాకా మధ్యలో తెగని ఒకే కేబులు తెచ్చే వీలు ఇక్కడ ఉంది. దాన్ని వాడుకున్నవాడే మంచి పనివాడని నా లెక్క.