మడుగు తెలిసినవాడికే చేప

ఆదోనికి అటు అరేబియా సముద్రమూ దూరమే, ఇటు బంగాళాఖాతమూ దూరమే. పత్తి, వేరుశనగ పండే మెట్టనేల ఇది. వాన పడితే పంట, లేకుంటే వలస. ఇక్కడ చేపల వేటేమిటని కొత్తవాళ్లు నవ్వొచ్చు. కానీ ఈ పడమటి కర్నూలులో నీరు నిలిచిన ప్రతిచోటా ఎవరో ఒకరు గాలం పట్టుకుని కూర్చునే ఉంటారు. నీళ్లు ఏడాది పొడవునా ఉండవు గనుక అవి ఎప్పుడొస్తాయి, ఎప్పుడు తగ్గుతాయి, తగ్గాక ఎక్కడ మిగులుతాయి అనేది వేటగాడికి కంఠతా వచ్చి ఉండాలి. వల విసరడం ఆ తర్వాతి సంగతి.

అన్నిటికంటే పెద్ద నీరు తుంగభద్ర. కోసిగి మండలం దగ్గర రాజోలిబండ ఆనకట్ట దాటి, మంత్రాలయం మీదుగా, నాగలదిన్నె పక్కనుంచి ఈ నది కర్నూలు వైపు సాగుతుంది. మంత్రాలయం ఎదుటి ఒడ్డు కర్ణాటకలోని రాయచూరు జిల్లా. రాఘవేంద్రస్వామి భక్తులు స్నానం చేసే ఘాట్ల దగ్గర గాలం వేయడం మర్యాద కాదు. ఊరు దాటి, బండల మధ్య నీరు నిలిచిన మడుగులు వెతుక్కోవాలి. ఆనకట్టల దిగువన చేప గుమిగూడుతుంది. ఎగువ నుంచి నీళ్లు వదిలితే మాత్రం చూస్తుండగానే బండలు మునిగిపోతాయి. అక్కడ నిలబడేవాడు ఒక కన్ను బెండు మీద, ఒక కన్ను ప్రవాహం మీద పెట్టాల్సిందే.

ఎమ్మిగనూరు వాళ్లకు దగ్గరి జలాశయం గోనెగండ్ల మండలంలో హంద్రీ మీద కట్టిన గాజులదిన్నె. మొదట్లో సామర్థ్యం నాలుగున్నర టీఎంసీలు. ఈ జిల్లా బిడ్డ, ముఖ్యమంత్రిగా చేసిన దామోదరం సంజీవయ్య పేరు దీనికి పెట్టారు. ఇక్కడ వదిలి పెంచే చేపలు ముఖ్యంగా మూడు: బొచ్చె, రాగండి, మోసు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీటిలో మేస్తుంది. రాగండి నడిమి నీటిది. మోసు అడుగున బురదలో వెతుక్కుంటుంది. ఏ చేప కావాలో అనుకున్నాకే ఎర ఎంత లోతున వేలాడాలో తేలుతుంది. ఇలాంటి చోట వేట హక్కు సాధారణంగా మత్స్యకార సంఘాలది. సరదాకి వచ్చినవాళ్లు ముందు వాళ్లని అడగాలి.

మూడోది ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు నీళ్లిచ్చే తుంగభద్ర దిగువ కాలువ. కాలువ పారేటప్పుడు గట్టు మీద గాలాలు. కాలువ కట్టేశాక గుంటల్లో మిగిలిన చేపకు పిల్లలు చేతులతోనే దిగుతారు. తాగునీటి కోసం నింపుకున్న చెరువుల జోలికి మాత్రం పోకూడదు.

ఇక పనిముట్లు. గాలానికి వెదురు కర్ర, తంగూసు, చిన్న సీసపు గుండు, ముల్లు చాలు. ఎండిన జొన్నదంటు చెక్కు తీస్తే లోపలిది చక్కని బెండు. ఎరకు తడి మట్టిలో తవ్విన ఎర్రలు, లేదా ఆదోని నూనె మిల్లుల ఊరు గనుక సులువుగా దొరికే వేరుశనగ చెక్క. చెక్కను తవుడుతో కలిపి, నీళ్లలో కరిగిపోకుండా గట్టిగా ముద్ద చేయాలి. బెండు గజగజలాడి ఆగిపోతే చిన్న పరిగెలు ఎర కొరుకుతున్నట్టు. నిదానంగా పక్కకు జరిగి మునిగితే పెద్ద నోరు పట్టినట్టు. అప్పుడు మణికట్టుతో ఒక్క లాగు, అంతే.

విసురు వలకు ఒళ్లంతా పని చేయాలి. తాడు కొస ఎడమ మణికట్టుకు చుట్టి, వలలో కొంత మోచేతి మీద వేసుకుని, మిగతాది రెండు చేతులకూ పంచుకుని, నడుము తిప్పి వదలాలి. గుండ్రంగా విచ్చుకుంటే పనితనం, ముద్దగా పడితే నవ్వులపాలు. పడగానే లాగకూడదు. అంచు గుళ్లు అడుగు తాకేదాకా ఆగి, ఆ గుళ్లన్నీ ఒకచోటికి చేరేలా మెల్లగా లాక్కోవాలి.

లోతు నీటికి పుట్టి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ ఇదే తుంగభద్ర మీద, ఆనెగొంది దగ్గర, బుట్టలాంటి పడవల గురించి రాశాడు. లోపల బద్దలు, బయట తోలు, పదిహేను ఇరవై మంది పట్టేవట. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టా వచ్చింది. తెడ్డు సరిగా వేయకపోతే గిరగిరా తిరగడం మాత్రం మానలేదు.

కొర్రమీను తీరు వేరు. అది గాలి పీల్చడానికి పైకి వస్తుంది. ఆ బుడగ లేచిన చోటు గుర్తుపట్టి, బతికున్న చిన్న కప్పను ఎరగా వేస్తారు. ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే కిందే తల్లో తండ్రో కాపలా ఉన్నట్టు. పట్టడం సులువే, కానీ దాన్ని పడితే ఆ గుంపంతా ఇతర చేపల పాలవుతుంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. బొచ్చె, రాగండి, మోసు నిలవ నీటిలో తమంతట గుడ్లు పెట్టవు. వాటికి వరద నీరు కావాలి. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి గుడ్లు పెట్టించాక చేపపిల్లల ఉత్పత్తి మనిషి చేతికొచ్చింది. ఆ విజయానికి గుర్తుగానే జూలై 10ని మత్స్యరైతుల దినంగా జరుపుతున్నారు. కాబట్టి జలాశయం ఖాళీ అయినా మళ్లీ పిల్లల్ని తెచ్చి వదలొచ్చు. నదికి ఆ వెసులుబాటు తక్కువ. ఎండాకాలం మడుగులో బతికి బయటపడిన చేపే తొలకరి వరదకు ఎదురీది గుడ్లు పెడుతుంది. ఆ మడుగులో తూటా పేల్చినా, మందు కలిపినా వచ్చే ఏటి చేప కూడా పోయినట్టే. 1897 నాటి మత్స్య చట్టమే ఈ రెండింటినీ నిషేధించింది. ఇదే తుంగభద్ర ఎగువన, కర్ణాటకలో ముద్లాపుర నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్లను 2015లో నీటికుక్కల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. చేప లేకపోతే నీటికుక్కా ఉండదు.

ఎంత కరువొచ్చినా విత్తనపు గింజలు వండుకోడు ఇక్కడి రైతు. ఒడ్డున గాలం పట్టే మనిషికీ ఆ నియమమే వర్తిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఊరికొక మడుగునైనా వలకు, మోటారుకు, ఇసుక లారీకి దూరంగా ఉంచమని పంచాయతీలు తీర్మానం చేయాలి. అది మత్స్యకార సంఘాలకే ముందు లాభం. జొన్నరొట్టెలోకి చేపల పులుసు కోరుకునే మనందరికీ ఆ తర్వాత.